ఒకే దిక్కుకు పోయే కొంగలు

జూన్ 13, సోమవారం

ఈ నోటుబుక్కు మా ఆయనది. హైదరాబాదులో మూడు రోజుల ట్రైనింగులో ఇచ్చారట. మొదటి పేజీ మీద పేరు రాసుకుని, కింద రెండు గీతలు కొట్టి, ఇక ఏమీ రాయలేదు. ఆ పేజీ చించేశాను. అట్ట గట్టిది, కాగితం నున్నగా ఉంది. ప్రతి పేజీ అడుగున ఒక మాట అచ్చు వేశారు. ఈ పేజీలో "ప్రతి మనిషిలో ఒక కొత్త ఆలోచన ఉంటుంది" అని ఉంది. ఉంటుంది. ఉంటే ఏమవుతుందో మాత్రం అచ్చు వేయలేదు.

ఏడో తరగతి మానేశాక నేను రాసినవన్నీ కిరాణా చీటీలే. ఇది ఎవరికీ చూపించేది కాదు. కుంకుడుకాయల డబ్బాలో పెడతాను. ఆ డబ్బా జోలికి ఆయన రాడు.

ఈ రోజు షెడ్డులో మగ్గాలన్నీ ఆపించాడు. కుర్చీలు గుండ్రంగా వేయించాడు. ట్రైనింగులో అట్లాగే కూర్చోబెట్టారట. నలభై ఏళ్లుగా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఐలేశం తాతకు కుర్చీ మీద కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకటి మడిచాడు, మళ్లీ దించాడు.

"నేను మేనేజర్ను అనుకోకుండ్రి. మీ దోస్తును అనుకోండ్రి. మనసుల ఏమున్నా చెప్పుండ్రి" అన్నాడు ఆయన.

"దోస్తువైతే ఒక బీడీ ఇయ్యరాదు శ్రవణూ" అన్నాడు తాత.

అందరూ నవ్వారు. మేకుల చట్రం మీద నూలు పోసే ఆసు దగ్గర కూర్చున్న అత్త కూడా నవ్వింది. తల్లి నవ్వడం ఆయన చూశాడు. మొహం మాడిపోయింది.

నల్లగొండలో ఫోన్ల దుకాణంలో పనిచేసిన మనిషి. డిగ్రీ చదివాడని హైదరాబాద్ కంపెనీ వాళ్లు పోయిన నెల ఈ షెడ్డుకు మేనేజర్‌ను చేశారు. మగ్గం గుంతలో ఏనాడూ దిగలేదు. ఆసు మీద ఒక్క పోగు పోయలేదు.

వరసగా అందరినీ అడిగాడు. నా వంతు వచ్చింది. నేల చూశాను. "ఈమెకు నోట్లెకెల్లి మాట రాదు" అని నా బదులు ఆయనే చెప్పి, నాతో పాటు ముళ్లు కట్టే రూపను అడిగాడు.

చివరకు తలుపు పక్కన ఒక చెక్కపెట్టె కొట్టించాడు. తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికి ఏం తోచినా కాగితం మీద రాసి అందులో వేయాలట. పేరు రాయనక్కర లేదట.

జూన్ 16

రాసి వేశాను. నోటితో చెప్పాల్సిన పని లేదు గనక వేశాను.

చిటికి కట్టేటప్పుడు, అంటే రంగుకు ముందు నూలుకు బొమ్మ ప్రకారం ముళ్లు వేసేటప్పుడు, అన్నీ నల్ల సైకిల్ ట్యూబు ముక్కలతోనే కడతాం. ముడి కట్టిన చోట రంగు ఎక్కదు. మొదటి రంగు అయ్యాక కొన్ని ముళ్లు విప్పాలి, కొన్ని రెండో రంగు అయ్యేదాకా ఉంచాలి. అన్నీ నల్లగా ఉంటే ఏది విప్పాలో తికమక పడతారు. పోయిన నెల రూప విప్పకూడనివి విప్పి నాలుగు చీరల నూలు పాడు చేసింది. ఎర్ర ట్యూబు కూడా దొరుకుతుంది. ముందు విప్పేవి ఎర్రదానితో కడితే చూడగానే తెలుస్తుంది.

అంతే రాశాను. ఎవరూ చూడకుండా, అందరూ అన్నాలకు పోయినప్పుడు.

జూన్ 20

అందరి ముందు తాళం తీసి పెట్టె బోర్లించాడు. రెండు బీడీ ముక్కలు, ఒక బస్సు టికెట్టు, గుప్పెడు చింతగింజలు పడ్డాయి. ఒక్క కాగితం పడింది.

పైకి చదివాడు. చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. సంతోషమో భయమో తెలియలేదు. చదవడం అయ్యాక కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు.

"రంగు రంగుల రబ్బర్లు కట్టుకుంట ఆడుకునేతందుకు గిది అంగన్‌వాడీనా? ఆలోచన అంటే గిట్లనా ఉండేది? జర పెద్దగ ఆలోచించుండ్రి."

రూప అందరికంటే గట్టిగా నవ్వింది. అందులో ఉన్నది తన తప్పే గదా, నవ్వక ఏం చేస్తుంది.

"బీడీ ముక్క గురించి గూడ చెప్పు సారూ. అది నా ఆలోచన" అన్నాడు ఐలేశం తాత. ఈ రోజు నుంచి షెడ్డులో ఆయన పేరు ఐడియా సార్.

జూన్ 21

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే గోడ దగ్గరికి పోయి క్యాలెండర్ తిప్పాడు.

"మే నెల ఏమైంది?"

మే నెల కాగితం వెనకాలే నేను రాసింది. అచ్చు లేని తెల్ల కాగితం ఇంట్లో అదొక్కటే కనిపించింది.

"నువ్వేనా?"

తల ఊపాను.

"పెట్టెల పడ్డది ఒక్కటే కాగితం. అది గూడ నా పెండ్లాందే. ఇంట్ల రాయించుకొచ్చి ఏసుకుంటున్నడు అంటరు. మెర్సీ మేడంకు తెలిస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?"

మెర్సీ మేడం అంటే ఆ ట్రైనింగ్ ఇచ్చినావిడ. కంపెనీలో పెద్దది.

"నాకు తోచింది రాసిన" అన్నాను. ఆయనకు వినిపించిందో లేదో.

"రేపటికెల్లి చిటికి కాడ కూసోకు. కండెలు సుట్టు. నువ్వు ఆడ ఉంటే నీ మాట నేను వింటున్న అనుకుంటరు."

అత్త పొయ్యి దగ్గర ఉంది. విన్నది. బియ్యం కడిగిన నీళ్లు పారబోసింది.

పన్నెండేళ్లప్పుడు మా అమ్మ నా చేతికి ట్యూబు ముక్క ఇచ్చింది. అప్పటి నుంచి కడుతున్నాను. కూరలు అత్త చేసినట్టు చేయలేను. నలుగురిలో మాట్లాడలేను. పెళ్లై మూడేళ్లైనా బజారులో ఒక్కదాన్నే బేరం చేయలేను. చిటికి పీట మీద కూర్చుంటే మాత్రం ఈ ఊళ్లో నన్ను దాటేవాళ్లు లేరు. ఆ పీట నాకు మళ్లీ కావాలి. ఇంకేమీ అక్కరలేదు.

జూన్ 22

కండెలు చుట్టాను. మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెలోకి ఆ నూలు. నా పీట మీద రూప కూర్చుంది.

జూన్ 23

కండెలు.

జూన్ 27

రూప నా దగ్గరికి వచ్చి, "వదినా, పువ్వు మూల కాడ ముడి జారుతాంది. నువ్వు ఎట్ల కడ్తవు?" అని అడిగింది. రెండు చుట్లు చుట్టాక ట్యూబును ఒకసారి మెలితిప్పి లోపలికి తోయాలి. అది చెప్పడానికి ఎంతసేపు.

నాకు తెలియదన్నాను.

నన్ను చూస్తూ నిలబడింది. తెలియదని నేనంటే కోళ్లు కూడా నమ్మవు. అయినా పోయింది. సాయంత్రం దాకా ఆ మూల కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది. చూస్తూ కండెలు చుట్టాను. చేతులు బాగా నడిచాయి ఈ రోజు.

నాకేమీ కోపం లేదు రూప మీద.

జూలై 3, ఆదివారం

మెర్సీ మేడం ఫోన్ చేసిందట. షెడ్డు నుంచి పది ఆలోచనలు రేపటికల్లా పంపాలట. పెట్టెలో రెండు వారాలుగా చింతగింజలు తప్ప ఏమీ పడలేదు.

మధ్యాహ్నం తిన్నాక పది కాగితాలు, మూడు రంగుల పెన్నులు నా ముందు పెట్టాడు. ఒకటి పెద్ద అక్షరాలతో, ఒకటి గీకినట్టు, ఒకటి పక్కకు వాలినట్టు రాయమన్నాడు. తన రాత మేడంకు తెలుసట. పోయిన నెల నా రాతే తన ఇజ్జత్ తీసింది. ఈ నెల ఆ రాతే కావాలి.

చెబుతుంటే రాశాను. నీళ్ల కుండ కిటికీ దగ్గర పెట్టాలి. గోడకు నీలం రంగు వేయాలి. పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు కళ్లు మూసుకోవాలి. అది విని అత్త, "కళ్లు మూసుకుంటే నిద్రవోతరు బిడ్డా" అంది. ఆయన వినిపించుకోలేదు.

తొమ్మిదోది చెప్పాడు. "ముందు విప్పే ముళ్లకు ఎర్ర రబ్బరు, తర్వాత విప్పే ముళ్లకు నల్ల రబ్బరు."

పెన్ను ఆపాను.

"ఏమైంది? రాయి" అన్నాడు. ఫోన్ చూసుకుంటూనే అన్నాడు. నన్ను ఆటపట్టించడానికి చెప్పలేదు. అది ఎక్కడ విన్నాడో నిజంగానే మరచిపోయాడు. అదే ఎక్కువ మండింది.

రాశాను. పదింటిలో దాన్నే ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

పదీ ఫోటోలు తీసి పంపాడు. కాగితాలు పొయ్యిలో పెట్టాడు. పెట్టె దాకా పోనే లేదు అవి.

జూలై 8

తొమ్మిదోది మేడంకు బాగా నచ్చిందట. అది ఎవరిదని అడిగితే తనదేనని చెప్పాడట. చెప్పింది మాకే, ఇంట్లో, జిలేబీ పొట్లం విప్పుతూ.

అత్త నా వైపు చూసింది. నేను జిలేబీ వైపు చూశాను. రెండు తిన్నాను. వేడిగా, బాగానే ఉన్నాయి.

ఎర్ర ట్యూబు తెప్పించాడు. ఇప్పుడు రూప నా పీట మీద కూర్చుని, నా ఆలోచన ప్రకారం, ఆయన పేరు చెప్పుకుని కడుతోంది.

జూలై 14

మూడు రోజుల నుంచి వదలని వాన. షెడ్డు రేకుల మీద చప్పుడుకు మగ్గాల చప్పుడే వినిపించడం లేదు.

నలభై శాలువల పని వచ్చింది. హైదరాబాదులో ఏదో పెద్ద ఆఫీసు వాళ్లు తమ మనుషులందరికీ సభలో కప్పుతారట. ఆయన బొమ్మ గోడకు అంటించాడు. నీలం శాలువ, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా తెల్ల కొంగల వరసలు. అన్ని కొంగలూ కుడి వైపుకే ఎగురుతున్నాయి.

"టీం అంటే గిట్ల ఉండాలె. అందరిదీ ఒక్కటే దిక్కు" అన్నాడు. ఆ కొంగలు తన ఆలోచనేనట. మేడం మెచ్చుకుందట.

బొమ్మ చూడగానే నా చేతిలో కండె ఆగింది.

ఈ షెడ్డులో మేము శాలువ వెడల్పులో సగానికే కడతాం. ఆసు మీద నూలు మడత మీద ఉంటుంది. సగం కడితే రెండో సగం దానికదే వస్తుంది. కానీ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. పువ్వులకైతే ఫరవా లేదు, చుక్కలకూ ఫరవా లేదు. ఎదురెదురుగా నిలబడే ఏనుగులైతే ఇంకా బాగుంటుంది. ఒకే దిక్కుకు పోయే కొంగలు అట్లా రావు. సగం కుడికి పోతే సగం ఎడమకు పోతాయి. అన్నీ ఒక్క దిక్కుకే పోవాలంటే మడత లేకుండా నిండు వెడల్పుకు ఆసు పోయాలి. పని రెండింతలు. ఆసు మీద కూర్చున్న ఏ ఆడదానికైనా ఇది తెలుసు. మగ్గంలో కూర్చున్న ఏ మగవాడికైనా తెలుసు. ఈ రెంటి దగ్గరా కూర్చోని మనిషి ఇక్కడ ఒక్కడే.

అత్త లేచి బొమ్మ దగ్గరికి పోయింది. "అరె శ్రవణూ, కొంగలన్నీ ఒక్క దిక్కే అంటే ఆసు..."

"అమ్మా, నువ్వు జర ఊకో. గిదే మీతోటి తిప్పలు. కొత్తది అనంగనే కాదు, రాదు అంటరు."

పది మంది ముందు అన్నాడు. అత్త నోరు మూసుకుంది. వచ్చి ఆసు ముందు కూర్చుంది. "ఎప్పటి లెక్కనే పొయ్యాల్నా సారూ?" అని అడిగింది. కొడుకును సారూ అంది.

"ఎప్పటి లెక్కనే" అన్నాడు.

ఎప్పటి లెక్కనే మడత మీద పోయడం మొదలుపెట్టింది.

జూలై 15

చెబుదామనుకున్నాను. ఇంటికి వచ్చేసరికే తలనొప్పి అన్నాడు.

జూలై 16

ఈ రోజు తినేటప్పుడు ఫోన్ మాట్లాడుతున్నాడు. తింటున్న మనిషికి అడ్డం పడి చెప్పడం మంచిది కాదు.

జూలై 18

చెప్పలేదు. నాకు సిగ్గు. అందరికీ తెలుసు నాకు సిగ్గని.

జూలై 25

నీళ్ల కుండ దగ్గర ఐలేశం తాత కలిశాడు. కుండ కిటికీ దగ్గరికి మారింది. అది కూడా కొత్త ఆలోచనే.

"చూసినవా పిల్లా?" అన్నాడు, గోడ వైపు గడ్డం ఎత్తి.

"చూసిన తాతా."

"మొగనికి చెప్పినవా?"

"లేదు. నువ్వు చెప్పినవా?"

"నా బీడీ ముక్కనే సమజ్ చేసుకోలేదు ఐడియా సార్. కొంగలు సమజైతయా?" అని నీళ్లు తాగి పోయాడు.

రూపకూ తెలుసు. రోజూ కడుతోంది గదా, తెలియకుండా ఎట్లా ఉంటుంది. ముళ్లు కడుతూ ఒకసారి నా వైపు చూసి, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. నేనూ తల దించుకుని నవ్వాను. మూడేళ్లలో ఈ షెడ్డులో అందరితో కలిసి నేను నవ్వింది ఈ వారమే. అందరం ఒకే మాట దాచుకుంటే ఇంత దగ్గరవుతామని తెలియదు.

జూలై 29

రాశాను. ఈసారి క్యాలెండర్ కాగితం కాదు, ఈ నోటుబుక్కులోదే ఒక పేజీ. పైన తేదీ వేయడం అలవాటైంది, వేశాను. "కొంగలు మడత మీద కడితే సగం వెనక్కి తిరుగుతాయి. నిండు వెడల్పుకు ఆసు పోయాలి. ఇంకా రంగు వేయలేదు, ఇప్పుడు ఆపితే ట్యూబు ముక్కలు విప్పి నూలు వాడుకోవచ్చు" అని రాసి పెట్టెలో వేశాను.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇక అది నా బాధ్యత కాదు.

ఆగస్టు 3

పెట్టె తెరవలేదు.

ఆగస్టు 8, సోమవారం

రంగు మొదలైంది. పొద్దున గుండిగ కింద మంట పెట్టారు. నీలం రంగు కాగుతుంటే షెడ్డంతా ఆ వాసనే. నలభై శాలువల నూలూ ఇంకో రెండు రోజుల్లో రంగులో మునుగుతుంది. ఒకసారి మునిగిందంటే ఎవరూ ఏమీ చేయలేరు.

ఆయన వచ్చి నిలబడి ఫోటోలు తీసుకున్నాడు. పెట్టె పక్కనే నిలబడ్డాడు. భుజం పెట్టెకు ఆనించాడు కూడా.

ఆగస్టు 16

పొద్దున బస్సుకు పోయాడు. మళ్లీ ట్రైనింగు. కట్టంగూర్‌లో దిగి హైదరాబాద్ బస్సు ఎక్కాలి. మనుషుల చేత మాట్లాడించడం ఎట్లా అని ఈసారి నేర్పుతారట. చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను. టిఫిన్ కట్టాను. గేటు దాకా పోయి, "ఏమన్నా ఉన్నదా?" అని అడిగాడు. సరుకులు తేవాలా అని.

ఏమీ లేదన్నాను.

మధ్యాహ్నం ఐలేశం తాత మగ్గం మీద మొదటి శాలువ మొదలుపెట్టాడు. నాడె నాలుగు సార్లు తిరిగిందో లేదో అందరూ పని వదిలి వచ్చి చుట్టూ నిలబడ్డారు. జానెడు నేసేసరికి తెలిసిపోయింది. తాత నేస్తూనే ఉన్నాడు.

ఆగస్టు 22, సోమవారం

కారులో వచ్చారు, ఆయన, మెర్సీ మేడం. మేడం పొట్టిగా, నెరిసిన జుట్టుతో, చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చింది. నమస్కారం పెట్టి ఒక్కొక్కరి పేరు అడిగింది. ఆయన మొహం వెలిగిపోతోంది.

"తాతా, చూపియ్యి మన కొంగల్ని" అన్నాడు.

తాత మగ్గం దిగి, చుట్టుకున్న గుడ్డను మెల్లగా విప్పి పరిచాడు. కుడి సగంలో కొంగలు ఎడమకు ఎగురుతున్నాయి. ఎడమ సగంలో కొంగలు కుడికి ఎగురుతున్నాయి. నడిమధ్యలో రెండు కొంగలు ముక్కులు కలిపి కోడిపుంజుల్లా పొడుచుకుంటున్నాయి. ప్రతి వరసలోనూ అంతే. పని మాత్రం శుభ్రంగా ఉంది. ఒక్క ముడి జారలేదు.

మేడం చేత్తో తడిమి చూసింది.

ఆయన రూప మీదికి తిరిగాడు. "గిదేంది? ఎట్ల కట్టినవు నువ్వు?"

"మీరిచ్చిన బొమ్మనే కట్టిన" అంది రూప.

"ఒక్కరన్న చెప్పిన్రా నాకు? పెట్టె పెట్టిన. పేరు గూడ రాయొద్దన్న. ఒక్కరన్న రాసిన్రా? గిట్లుంటరు మేడం వీళ్లు. ఎంత మంచిగ అడిగినా నోరు తెరవరు. దీని సంగతే చూడుండ్రి, చేతులార పని ఖరాబు చేసింది. రేపటికెల్లి రావద్దు నువ్వు."

రూప పోతే పీట నాది. ఊరుకుంటే చాలు. రెండు నెలల నుంచి చేస్తున్నది అదే గదా, ఊరుకోవడం. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు.

"రాసిన" అన్నాను.

ఎవరన్నారా అని నేనే వెనక్కి చూశాను.

"పెట్టెల ఉన్నది" అన్నాను.

మేడం తాళంచెవి అడిగింది. ఆయన చొక్కా జేబు చూశాడు, ప్యాంటు జేబు చూశాడు. మళ్లీ చొక్కా జేబు చూశాడు. చెవి ఎక్కడో ఆయనకు తెలియదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. తాత సుత్తె తెచ్చి రెండు దెబ్బలు వేస్తే తాళం ఊడింది. చింతగింజలు దోసెడు. నా కాగితం.

మేడం పైకి చదవలేదు. తనలో చదువుకుంది. తేదీ మీద వేలు పెట్టి, రంగు ఎప్పుడు వేశారని అడిగింది. ఎనిమిదో తారీఖు అని తాత చెప్పాడు. మేడం కాసేపు కాగితం వైపు, కాసేపు పెట్టె వైపు చూసింది.

"శ్రవణ్‌కుమార్ గారూ, జూలై మొదట్లో నాకు పది కాగితాల ఫోటోలు పంపారు. అవి ఏ పెట్టెలోవి?"

మేడం కాగితాన్ని వెలుతురుకు పట్టి అక్షరాలను మరోసారి చూసింది. తరువాత నన్ను చూసింది. తొమ్మిదోదాన్ని నేను మంచి అక్షరాలతో రాశాను.

"కొంగలు ఇట్లా వస్తాయని ఇంకా ఎవరికి తెలుసు?" అని అడిగింది.

తాత చెయ్యి ఎత్తాడు. తరువాత రూప. తరువాత మగ్గాల దగ్గర ఒక్కొక్కరు, రంగు వేసే గోపయ్య నీలం చెయ్యి కూడా. నేను ఎత్తాను. అందరికంటే చివర అత్త ఎత్తింది. ఎత్తి, దించకుండా, కొడుకు వైపే చూస్తూ కూర్చుంది.

ఆయన అందరినీ వదిలేసి ఆ ఒక్క చేతినే చూశాడు.

ఆగస్టు 23

పొద్దుటి నుంచి ఒకటే గుర్తొస్తోంది. పెట్టెలో వేశానని మేడంకు చెప్పాను. అప్పటికే ఆయన పెట్టె తెరవడం మానేశాడని, అది తెలిసే వేశానని చెప్పలేదు. మేడం నన్ను మెచ్చుకుంది. ధైర్యం గల అమ్మాయి అంది.

పది అడుగుల దూరంలో పడుకునే మనిషికి చెప్పకుండా, తాళం వేసిన పెట్టెకు చెప్పాను.

ఆగస్టు 24

మేడం ఫోన్ చేసి చెప్పిందట. ఆయన్ను తీసేయరు, మేనేజర్‌గానే ఉంటాడు. కానీ ఒక నెల పాటు ఆఫీసు కుర్చీ మీద కాకుండా ఆసు మీద కూర్చోవాలి, అత్త దగ్గర పని నేర్చుకోవాలి. కొంగలు మళ్లీ కట్టాలి, నిండు వెడల్పుకు. గడువు పెంచారు. నేను చిటికి దగ్గరికి, రూప నా పక్కన. మొదట కట్టిన నలభై ఏమవుతాయో ఎవరూ చెప్పలేదు.

ఇదంతా ఆయన గోడకు చెప్పినట్టు చెప్పాడు. నేను గోడ ముందు నిలబడి ఉన్నాను.

ఆగస్టు 25

పీట మీద కూర్చున్నాను. రెండు నెలలకు వేళ్లు మొద్దుబారాయి. మధ్యాహ్నానికి దారిలో పడ్డాయి.

రూప మాట్లాడలేదు. పువ్వు మూల ముడి ఎట్లా కట్టాలో చూపించాను. చూసింది. "అప్పుడు తెల్వదన్నవు" అంది. అంతే.

ఆగస్టు 26

ఇంట్లో మాటల్లేవు. కంచం పెడితే తింటాడు.

ఆగస్టు 27

"నువ్వు చెయ్యి ఎత్తినవు. సరే. అమ్మ గూడ ఎత్తింది" అన్నాడు. నాతోనో ఎవరితోనో.

ఆగస్టు 29, సోమవారం

ఈ రోజు మొదటిసారి ఆసు ముందు కూర్చున్నాడు. నడుమ మేకు నుంచి అంచు మేకుకు, అంచు నుంచి మళ్లీ నడుమకు, చెయ్యి ఆపకుండా తిప్పుతూ ఉండాలి. అత్త ఒక్కసారి చూపించి పక్కన కూర్చుంది. మళ్లీ నోరు విప్పలేదు. ఊకోమన్నాడు గదా, ఊకుంది.

పదకొండింటికి ఆయన భుజం పట్టేసింది. ఎడమ చేత్తో నొక్కుకుంటూ కుడి చేత్తో పోశాడు. మగ్గాల్లో అందరూ నేస్తూనే అటే చూస్తున్నారు. మధ్యాహ్నం దాటాక చెయ్యి ఆగింది. ఒక మేకు దాటేశాడు. తల్లి మొహం చూశాడు. అత్త కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఐలేశం తాతను చూశాడు. తాతకు మగ్గం మీద పోగు తెగిందట, వంగి వెతుకుతున్నాడు.

చివరకు నా వైపు తిరిగాడు.

"ఒక మేకు దాటేసిన. ఇప్పుడు ఏం జెయ్యాలె?" అని అడిగాడు.

మెల్లగానే అడిగాడు. పెళ్లైన మూడేళ్లలో పని గురించి నన్ను ఒక మాట అడగడం ఇదే. నేను ముడి బిగించాను. ట్యూబు తెంపాను. ఇంకో ముక్క తీసుకున్నాను.

రెండోసారి అడిగాడు. ఈసారి పేరు పెట్టి పిలిచాడు. "రమణీ, చెప్పరాదు."

రెండు పోగులు వెనక్కి తీసి ఆ మేకుకు వేస్తే సరిపోతుంది. నిమిషం పని.

"మొత్తం విప్పి మొదటికెల్లి పొయ్యాలె" అన్నాను.

పొద్దుటి నుంచి పోసిందంతా ఒకసారి చూసుకున్నాడు. తరువాత విప్పడం మొదలుపెట్టాడు. అత్త నా వైపు చూసింది, రూప చూసింది. అత్త మళ్లీ కిటికీ వైపు తిరిగింది, రూప ఇంకో ముడి కట్టింది.